సీబీపీ రిపోర్టులోని కణాల నిష్పత్తిని ఊపిరితిత్తుల జబ్బుల్లో చదివే పద్ధతి

తగ్గని దగ్గుతోనో ఆయాసంతోనో వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి గానీ, హన్మకొండలోని ఛాతీ వైద్యుల వద్దకు గానీ వెళ్లినవారికి మొదట రాసే పరీక్షల్లో రక్తకణాల లెక్క చెప్పే సీబీపీ దాదాపు ఎప్పుడూ ఉంటుంది. చాలామంది అందులో హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు మాత్రమే చూసి కాగితాన్ని మడిచి పెట్టేస్తారు. కానీ తెల్ల కణాల్లో రెండు రకాలైన న్యూట్రోఫిల్స్‌ను లింఫోసైట్స్‌తో భాగించగా వచ్చే ఎన్‌ఎల్‌ఆర్ అనే అంకెను అదే కాగితం నుంచి, పైసా అదనపు ఖర్చు లేకుండా తీయవచ్చు.

ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫ్లమేషన్ (వాపు) ముదిరినప్పుడు ఎముక మజ్జ నుంచి న్యూట్రోఫిల్స్ పెద్ద ఎత్తున రక్తంలోకి వస్తాయి. ఒంటిపై పడిన ఒత్తిడికి కార్టిసాల్ అనే హార్మోన్ పెరగడంతో రక్తంలో లింఫోసైట్స్ తగ్గుతాయి. ఒకటి పెరిగి మరొకటి తగ్గడం వల్ల, విడివిడి లెక్కలు హద్దుల్లోనే ఉన్నా నిష్పత్తిలో మార్పు కనిపించవచ్చు.

ఉదాహరణకు మొత్తం తెల్ల కణాలు 11,200, న్యూట్రోఫిల్స్ 78 శాతం, లింఫోసైట్స్ 16 శాతం, ప్లేట్‌లెట్లు 3.2 లక్షలు అనుకుందాం. రెండు శాతాలూ ఒకే మొత్తానివి కాబట్టి 78ని 16తో భాగిస్తే చాలు, ఎన్‌ఎల్‌ఆర్ సుమారు 4.9 వస్తుంది. ఇదే కాగితం నుంచి తీసే మరో అంకె, ప్లేట్‌లెట్లను లింఫోసైట్స్‌తో భాగించే నిష్పత్తికి మాత్రం శాతం పనికిరాదు. 11,200లో 16 శాతమైన 1,792తో 3,20,000ను భాగించాలి, అప్పుడు 179 వస్తుంది. కొన్ని ల్యాబులు ప్లేట్‌లెట్లను లక్షల్లో, కొన్ని వేలల్లో ముద్రిస్తాయి కనుక లెక్కకు ముందు ఆ గడి పక్కనున్న కొలమానాన్ని చూడడం అవసరం.

ఆరోగ్యవంతులైన పెద్దల్లో ఎన్‌ఎల్‌ఆర్ సాధారణంగా 1 నుంచి 3 మధ్య ఉంటుంది. అంతకు మించినంత మాత్రాన ఫలానా జబ్బు అని చెప్పలేము. నెమ్ములోనూ, సీఓపీడీ (శ్వాసనాళాలు ఇరుకై ఏళ్ల తరబడి ఉండే జబ్బు) ఒక్కసారిగా ముదిరినప్పుడూ, క్షయలోనూ అది పెరగవచ్చు. క్షయను తేల్చేది తెమడలో ఆ క్రిమి జన్యువును వెతికే సీబీనాట్ వంటి పరీక్షలే తప్ప ఈ అంకె కాదు. భూపాలపల్లి గనుల్లోనో జిన్నింగ్ మిల్లుల్లోనో దుమ్ము పీల్చినవారి జబ్బును కూడా ఎక్స్‌రే, ఊపిరి ఊది చూసే స్పైరోమెట్రీ చెప్పాలి. నా అభిప్రాయంలో ఈ నిష్పత్తికి అసలు విలువ పోలికలో ఉంది: జబ్బు అదుపులో ఉన్న రోజుల్లో 2.4 ఉన్న మనిషికి 4.9 రావడం, ఏ పాత రిపోర్టూ లేని మనిషికి 4.9 రావడం కంటే వైద్యునికి చాలా ఎక్కువ చెబుతుంది.

అందరూ పొరబడేది స్టెరాయిడ్ల దగ్గర. ఆయాసానికి ప్రెడ్నిసొలోన్ మాత్రలు వేసుకుంటున్నవారిలో, రక్తనాళాల గోడలకు అంటుకుని ఉన్న న్యూట్రోఫిల్స్ విడివడి ప్రవాహంలో కలుస్తాయి, లింఫోసైట్స్ తగ్గుతాయి; ఇన్‌ఫెక్షన్ ఏమీ లేకుండానే నిష్పత్తి ఎగబాకుతుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన సూదిలో ఏముందో తెలియకపోతే ఆ సంగతి కూడా వైద్యునికి చెప్పాలి. గర్భం, శస్త్రచికిత్స, కాలిన గాయాలు సైతం ఈ అంకెను పెంచుతాయి. ఇక ఊదారంగు మూత గొట్టంలో కొందరి ప్లేట్‌లెట్లు ముద్దకట్టి, యంత్రం లెక్కలో తక్కువగా పడతాయి. జ్వరం, రక్తస్రావం లేకుండా ప్లేట్‌లెట్లు మరీ తక్కువ వస్తే రక్తపు చుక్కను స్లైడుపై మైక్రోస్కోపులో చూడమని అడగవచ్చు.

తెల్ల కణాల్లో మరో రకమైన ఇసినోఫిల్స్ గడిని విడిగా చూడాలి. సీఓపీడీ తరచూ ముదురుతున్నవారిలో వాటి సంఖ్య క్యూబిక్ మిల్లీమీటరుకు 300 లేదా అంతకు మించి ఉంటే పీల్చే స్టెరాయిడ్ ఉపయోగపడే అవకాశం ఎక్కువ, 100 లోపు ఉంటే తక్కువ. అదే సంఖ్య 3,000 దాటి, రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు ఉంటే, బోదకాలు ఉన్న మన ప్రాంతంలో ఫైలేరియా (బోదకాలు పురుగు) వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బును వైద్యులు తప్పక ఆలోచిస్తారు. దానికి మందు ఫైలేరియాకు ఇచ్చే డీఈసీ మాత్రలు, ఆస్తమా ఇన్‌హేలర్ కాదు. స్టెరాయిడ్ ఇసినోఫిల్స్‌ను కూడా తగ్గిస్తుంది కాబట్టి, అవకాశం ఉంటే ఆ మందు మొదలుపెట్టక ముందే రక్తం ఇవ్వాలి. ప్రతి రిపోర్టు అంచున ఆనాడు వాడుతున్న మందుల పేర్లు, జ్వరం ఉన్నదీ లేనిదీ రాసి, పాతవాటితో కలిపి ఒకే ఫైలులో పెట్టి తీసుకువెళ్లాలి.