అనంతం దాకా వెళ్లే సమాకలనులు: పెన్ను పెట్టే ముందు

హారం మధ్యలో సున్నా అవుతుందేమో ముందు చూడండి. ఎక్స్²+4 కి, ఎక్స్²−4 కి తేడా ఒక్క గుర్తే. 0 నుంచి ∞ వరకు 1/(ఎక్స్²−4) అయితే 2 దగ్గరే అపసరిస్తుంది (పరిమితమైన విలువ రాదు), ఎక్స్²+4 కి వాడే టాన్ ఇన్వర్స్ ఇక్కడ పనికే రాదు. మొత్తం మార్కులు పోయేది ఇక్కడే.

టాన్ ఇన్వర్స్ బయట 1/3 రాశారా? 0 నుంచి ∞ వరకు 1/(ఎక్స్²+9) విలువ π/6. మరిచిపోతే π/2 వస్తుంది, చూడ్డానికి అదీ సరైన జవాబులాగే ఉంటుంది.

−∞ వైపు టాన్ ఇన్వర్స్ −π/2 కి చేరుతుంది. తీసివేస్తే రెండు మైనస్‌లు కలిసి ప్లస్. నేనూ ఇక్కడ సున్నా వేసినవాణ్నే.

రెండు వైపులా ∞ ఉంటే 0 దగ్గర విడగొట్టండి. ఎక్స్/(ఎక్స్²+1) బేసి ప్రమేయం కదా అని 0 వేసేయకండి. ఏ ముక్కా అభిసరించదు, అంటే రెండూ అపసరిస్తాయి.

కాలిక్యులేటర్‌లో π/2 విలువకు బదులు 90 కనిపిస్తే అది డిగ్రీల్లో ఉన్నట్టే.