ఫ్రెంచ్ ప్రభువుల ఇంటిపేర్లను ఆన్‌లైన్ వంశవృక్షంలో ఎలా ఎక్కించాలి?

బొబ్బిలి యుద్ధం కథ విన్నవాళ్లందరికీ ఫ్రెంచ్ సేనాని బుస్సీ తెలుసు. ఆయన పూర్తి పేరు షార్ల్ జోసెఫ్ పాతిసియే, మార్క్విస్ డి బుస్సీ-కాస్తెల్నో. ఇందులో కుటుంబం పేరు పాతిసియే. మనకు తెలిసిన బుస్సీ దాని వెనక చేరిన పేరు. ఈ సంగతి తెలియక ఒకరు బుస్సీ అని, ఇంకొకరు కాస్తెల్నో అని, మరొకరు పాతిసియే అని ప్రొఫైల్ తెరిస్తే ఒక్క మనిషి ముగ్గురవుతాడు. జెనీ, వికీట్రీ, ఫ్యామిలీసెర్చ్ లాంటి వంశవృక్ష సైట్లలో చెట్టు అందరికీ ఒక్కటే. అక్కడ మనం వేసిన తప్పు ముడి ముక్కూమొహం తెలియనివాళ్ల వంశంలోకి కూడా పాకుతుంది. అందుకే ఎక్కించే ముందు కాస్త ఓపిక పట్టాలి.

1. ముందు పేరును విడదీయండి

పాత ఫ్రెంచ్ దొరల పేర్లలో సాధారణంగా మూడు భాగాలుంటాయి: పెట్టిన పేర్లు, ఇంటిపేరు, భూమిని బట్టి వచ్చిన పేరు. మనలో చాలామందికి ఊరి పేరే ఇంటిపేరైనట్టు, వాళ్లకు జమీ పేరు ఇంటిపేరుకు తోడైంది. ఆ జమీని డబ్బు పెట్టి కొన్న వర్తకులు కూడా ఆ పేరు తగిలించుకునేవాళ్లు. కాబట్టి ఒకే జమీ పేరున్న రెండు కుటుంబాలకు చుట్టరికం ఉండి తీరాలని లేదు.

అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన లాఫాయెత్‌నే చూడండి. 1757లో, అంటే బొబ్బిలి కోట పడిన ఏడాదే, సెప్టెంబరు 6న షావనియాక్‌లో పుట్టాడు. పెట్టిన పేర్లే ఆరు: మరీ, జోసెఫ్, పోల్, ఈవ్, రోక్, జిల్బెర్. ఆ తర్వాత డ్యూ మోతియే, చివర మార్క్విస్ డి లాఫాయెత్. ఆరు పేర్లనూ అదే వరుసలో మొదటి బాక్స్‌లో రాయండి. వాడుకలో ఉన్నది జిల్బెర్ కాబట్టి దాన్ని పిలుపు పేరుగా పెట్టండి. డ్యూ మోతియే పుట్టినప్పటి ఇంటిపేరు బాక్స్‌లోకి, లాఫాయెత్ ఇతర పేర్ల బాక్స్‌లోకి, మార్క్విస్ బిరుదు బాక్స్‌లోకి వెళ్తాయి. రికార్డులో ఇంటిపేరు, జమీ పేరు కలిసే ఉంటే ఇంటిపేరు బాక్స్‌లో రెండూ అలాగే రాయొచ్చు. బిరుదు మాత్రం అందులోకి రాకూడదు. కోంత్, వికోంత్, బారోన్, షెవాలియే, ఎక్యుయే ఇవన్నీ హోదాలే.

సరిగ్గా పడిందో లేదో చూసుకోవడానికి ఒక తేలిక మార్గముంది. మీ సైట్‌లో వీలుంటే చెట్టును జెడ్‌కామ్ (GEDCOM, వంశవృక్ష వివరాలు దాచే టెక్స్ట్ ఫైలు) రూపంలో దించుకుని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. ఇంటిపేరు రెండు ఏటవాలు గీతల మధ్య కనిపిస్తుంది. వాటి మధ్య ‘మార్క్విస్’ ఉందంటే బాక్స్ తప్పినట్టే.

2. ‘డి’ చూసి దొర అనుకోవద్దు

పేరులో ‘డి’ (de) ఉంటే ప్రభువుల వంశమేనని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. ‘డి’ ఉన్న మామూలు రైతు కుటుంబాలున్నాయి, ‘డి’ లేని అసలైన ప్రభువులూ ఉన్నారు. ఫ్రాన్స్ అధ్యక్షుడిగా చేసిన వలేరీ జిస్కార్ డెస్తాంగ్ తండ్రి పుట్టింది జిస్కార్‌గా. ప్రభుత్వ అనుమతితో ‘డెస్తాంగ్’ చేరింది 1922లో. అంతకుముందు తరాల పక్కన ఆ పేరు రాస్తే తప్పే.

రాసేటప్పుడు ‘డి’ చిన్నక్షరంతో, లాఫాయెత్‌లోని ‘లా’ పెద్దక్షరంతో ఉండాలి. అక్షర క్రమంలో లాఫాయెత్‌ను ‘ఎల్’ కింద వెతకాలి, ‘డి’ కింద కాదు. ‘డ్యూ’ (du), ‘డె’ (des) అలా విడిపోవు, అవి పేరుతోనే ఉంటాయి. ఇంటిపేరు ముందుమాటకు సైట్‌లో విడిగా బాక్స్ ఉంటే ‘డి’ని అందులో పెట్టండి. ఏ పద్ధతి ఎంచుకున్నా చెట్టంతా అదే పాటించండి.

3. ఆడవాళ్లకు పుట్టింటి పేరే

పెళ్లయ్యాక భర్త ఇంటిపేరు రాయడం మనకు అలవాటు. ఫ్రెంచ్ రికార్డుల్లో స్త్రీ చనిపోయేదాకా పుట్టింటి పేరుతోనే కనిపిస్తుంది. పుట్టుక పత్రంలో ఉన్న పేరు తప్ప వేరే పేరు పెట్టుకోకూడదని 1794లో చట్టం కూడా వచ్చింది. పుదుచ్చేరి గవర్నర్ డూప్లే భార్యను జాన్ డూప్లే అని ఎక్కిస్తే ఆమె తల్లిదండ్రులు దొరకరు. జాన్ అల్బేర్ అని రాయాలి. డూప్లేను పెళ్లాడేనాటికి ఆమె వితంతువు. మొదటి భర్త ఇంటిపేరు విన్సెన్స్. రెండు పెళ్లిళ్లనూ విడివిడిగా నమోదు చేయండి.

4. పేర్లు కలవకపోయినా అన్నదమ్ములే కావచ్చు

ఫ్రాన్స్ రాజు 16వ లూయీ తమ్ముళ్లలో ఒకరు కోంత్ డి ప్రొవాన్స్, ఇంకొకరు కోంత్ దార్త్వా. తర్వాత ఒకరు 18వ లూయీగా, మరొకరు 10వ షార్ల్‌గా రాజులయ్యారు. బిరుదులు మాత్రమే చూసి వీళ్లను వేరే కుటుంబాల్లో పడేస్తే ఎంత గందరగోళమో ఊహించండి. బిరుదు మారిన ప్రతిసారీ కొత్త ప్రొఫైల్ తెరవకుండా, అదే ప్రొఫైల్‌లో ఏయే సంవత్సరాల్లో ఏ బిరుదో రాయండి.

5. ఫ్రెంచ్ విప్లవ కాలంలో జాగ్రత్త

1790 జూన్ 19న వంశపారంపర్య బిరుదులు రద్దయ్యాయి. దాంతో చాలామంది ‘డి’ని వదిలేశారు. ఓర్లియాన్ ప్రభువు ఏకంగా ఫిలిప్ ఎగాలితే (‘ఎగాలితే’ అంటే సమానత్వం) అయ్యాడు. రికార్డులో ఆ రోజు ఎలా ఉంటే అలా రాసి, పాత పేరును ఇతర పేర్లలో చేర్చండి. 1793 నుంచి 1805 చివరిదాకా తేదీలు కూడా విప్లవ ప్రభుత్వం తెచ్చిన వేరే క్యాలెండర్‌లో ఉంటాయి. ‘రెండో సంవత్సరం ఫ్రుక్తిదోర్ 6’ అంటే 1794 ఆగస్టు 23. రెండూ రాసి పెట్టండి.

6. బంధం కలిపే ముందు కాగితం చూడండి

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే. వేరొకరి చెట్టులో ఉంది కదా అని తండ్రి పేరు కాపీ కొట్టకండి. 1792 సెప్టెంబరు 20 తర్వాత పుట్టుక, పెళ్లి, చావు వివరాలు ప్రభుత్వ రిజిస్టర్లలో, అంతకుముందువి చర్చి రిజిస్టర్లలో ఉంటాయి. ఫ్రాన్స్‌లోని జిల్లా ఆర్కైవ్స్ సైట్లలో వీటి స్కాన్లు చాలావరకు ఉచితంగా చూడొచ్చు.

పాత కాగితమైనా గుడ్డిగా నమ్మకూడదు. 1840లలో వెర్సాయ్ కోటలో క్రూసేడ్ (మధ్యయుగపు మతయుద్ధాల) వీరుల కోసం ప్రత్యేక మందిరాలు కట్టినప్పుడు, తమ వంశ చిహ్నం అక్కడ ఉండాలని కుటుంబాలు పోటీపడ్డాయి. ఆ గిరాకీ చూసి కూర్త్వా అనే మనిషి నకిలీ పత్రాలు తయారుచేసి అమ్మాడు.

యానాం, పుదుచ్చేరి మూలాలున్నవాళ్లకు ఒక మాట. ఫ్రెంచ్ ఇండియా రిజిస్టర్ల స్కాన్లు ఫ్రాన్స్‌లో ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ ఊళ్లో ఉన్న విదేశీ ప్రాంతాల ఆర్కైవ్స్ సైట్‌లో ఉన్నాయి. అక్కడ యానాంను ‘యానాఓ’ (Yanaon) స్పెల్లింగ్‌తో వెతకాలి. తాతల ఇంటిపేరు ఫ్రెంచ్‌లో ఉందని ఫ్రాన్స్ కుటుంబంతో కలిపేయకండి. 1881 సెప్టెంబరు 21 డిక్రీ ప్రకారం సొంత ఆచార చట్టాన్ని వదులుకుని ఫ్రెంచ్ సివిల్ కోడ్ కిందికి వచ్చిన భారతీయులు ఒక ఇంటిపేరు ఎంచుకోవాల్సి వచ్చింది. చాలామంది ఫ్రెంచ్ పేర్లు పెట్టుకున్నారు. అలాంటి కుటుంబాల్లో పేరు ఎంచుకున్న పత్రం దొరికితే అదే విలువైన ఆధారం. దాని తేదీ, రిజిస్టర్ వివరాలు ప్రొఫైల్‌లో జతచేసి, అంతకుముందు తరాలను వాళ్ల అసలు తెలుగు, తమిళ పేర్లతోనే ఎక్కించండి.