లువాలే నేర్చుకుందాం – నాలుగో పాఠం: మధ్యలో వచ్చే ‘ఆ’ ఎవరి మాట వింటుంది?

లువాలే అంటే జాంబియా, అంగోలాల్లో మాట్లాడే భాష, ఆ జనం పేరు కూడా అదే. ఈసారి క్రియలు మొదలుపెట్టాలి. గత పాఠం అభ్యాసానికి మీరు పంపిన జవాబులు చదివాక క్రియలను వాయిదా వేస్తున్నాను. ఎక్కువమంది ఒకే చోట తడబడ్డారు. ముతోండో అంటే చెట్టు అని చెబితే, చెట్లకు ‘వతోండో’ అని రాశారు. ముతు (మనిషి) వతు (మనుషులు) అయింది కాబట్టి ముతోండో కూడా అలాగే మారుతుందనుకున్నారు. మారదు. చెట్లు మితోండో.

‘ము’తో మొదలయ్యే పేర్లకు రెండు దారులున్నాయి. మనుషులైతే బహువచనంలో ‘వ’, చెట్టూ పుస్తకం లాంటివైతే ‘మి’. తెలుగువాళ్లకు ఇది కష్టం కాకూడదు. ఇద్దరు మనుషులు అంటాం, రెండు చెట్లు అంటాం, ఇద్దరు చెట్లు అని చిన్నపిల్లలు కూడా అనరు. వ్యాకరణ పుస్తకాలు ఈ వరసలకు 1, 2, 3, 4 అని నంబర్లు వేస్తాయి. నేను నంబర్లు వాడను, మీరూ వాడొద్దు. నంబరు గుర్తుంటుంది, మాట జారిపోతుంది. ము–వ వరస, ము–మి వరస, లి–మ వరస, చి–వి వరస అనే పిలుద్దాం.

ఇప్పుడు పాఠం. జాంబియా వాయవ్య ప్రాంతంలో, జాంబెజి పట్టణం దగ్గర మిజే ఉంది. లువాలేల సీనియర్ చీఫ్ న్డుంగు పీఠం అక్కడే. ఏటా ఆగస్టు చివర్లో జరిగే పెద్ద పండుగకు జాంబియా నుంచే కాక అంగోలా వైపు నుంచి కూడా వాళ్ల జనం వస్తారు. పండుగ పేరు లికుంబి ల్యా మిజే. లికుంబి అంటే రోజు. మొత్తం కలిపి ‘మిజే రోజు’. మనం మిజేని ముందు పెడతాం, వాళ్లు రోజుని ముందు పెడతారు. మధ్యలో ఉన్న ‘ల్యా’ మన ‘యొక్క’ చేసే పని చేస్తుంది. (ల్యాబ్‌లో ల్యా కాదు, కల్యాణంలో ల్యా.)

ఈ ‘ల్యా’ ఎక్కడిది? అసలు ముక్క ‘ఆ’ ఒక్కటే. దాని ముందు లికుంబిలోని ‘లి’ వచ్చి చేరింది. లి, ఆ కలిసి ల్యా. అంటే మధ్య మాట తన ముందున్న పేరు చెప్పినట్టే నడుచుకుంటుంది. వెనకున్న పేరుతో దానికి ఏ సంబంధమూ లేదు. చూమా (వస్తువు) అయితే చా, వ్యూమా (వస్తువులు) అయితే వ్యా. మకుంబి (రోజులు) అయితే ఉత్త ‘ఆ’ మిగులుతుంది.

అందరూ పడే గొయ్యి ఇక్కడే ఉంది. ముకాండా అంటే పుస్తకం, ఉత్తరం. మ్వానా అంటే బిడ్డ, వానా అంటే పిల్లలు. ఈ నాలుగూ పైకి చదవండి:

ముకాండా ఉవా మ్వానా – బిడ్డ పుస్తకం
మికాండా యా మ్వానా – బిడ్డ పుస్తకాలు
ముకాండా ఉవా వానా – పిల్లల పుస్తకం
మికాండా యా వానా – పిల్లల పుస్తకాలు

మూడోది చాలామంది ‘ముకాండా వా వానా’ అంటారు. పక్కనే వానా ఉంది కాబట్టి నోరు అటే పోతుంది. తెలుగులో ‘బిడ్డ’ పోయి ‘పిల్లల’ అయ్యేది సొంతదారు మాటే, అందుకని మన చూపు కూడా అటే పోతుంది. లువాలేలో చూపు వస్తువు మీద ఉండాలి. పిల్లలు వందమంది ఉన్నా పుస్తకం ఒకటే అయితే ‘ఉవా’నే.

ఇందులో ఇంకో చిక్కుంది. నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది ఇదే. మన ‘వ’ అక్షరం రెండు ధ్వనులకు పనిచేస్తుంది. పెదవులు గుండ్రంగా చుట్టి వదిలితే ఒకటి, పై పళ్లు కింది పెదవికి ఆనించి వదిలితే ఇంకొకటి. తెలుగులో ఏది పలికినా అర్థం మారదు కాబట్టి మన చెవి రెండిటినీ ఒకటిగానే వింటుంది. లువాలేలో తేడా వస్తుంది. అందుకే మొదటి పాఠం నుంచీ గుండ్రటి దాన్ని ‘ఉవా’ అని, పళ్లదాన్ని ‘వా’ అని రాస్తున్నాను. బిడ్డ ఒకరైతే ‘మ్వానా ఉవా ముతు’ (మనిషి బిడ్డ), ఎక్కువైతే ‘వానా వా ముతు’ (మనిషి పిల్లలు). రెండూ ఒకేలా పలికితే మధ్య మాట మారలేదనే వినిపిస్తుంది. అద్దం ముందు నిలబడి పలకండి. ‘ఉవా’కు పెదవులు ముందుకు రావాలి, పళ్లు కనిపించకూడదు. ‘వా’కు పై పళ్లు కనిపించాలి. ఉవా, వా, ఉవా, వా అని నెమ్మదిగా మొదలుపెట్టి వేగం పెంచండి. ఇది రాకుండా ముందుకు వెళ్లొద్దు.

నా పద్ధతి చెబుతాను. ఏ పేరునూ ఒంటరిగా నేర్చుకోను. ‘ముకాండా ఉవా, మికాండా యా’ అని జంటగానే నోట్లో వేసుకుంటాను. అప్పుడు మితోండోని వతోండో అనే ప్రమాదమే ఉండదు, ‘యా’ పక్కన ‘వ’ ఇమడదు.

‘చాలా’ అనే మాట కూడా ఈ దారినే పోతుంది. మూలం ‘వులు’. వతు వావవులు అంటే చాలామంది. వ్యూమా వ్యావివులు అంటే చాలా వస్తువులు. లిఫుచి అంటే దేశం, మఫుచి అమవులు అంటే చాలా దేశాలు. మధ్య మాట, తర్వాత ఆ వరస గుర్తు (వ, వి, మ), తర్వాత వులు. ఇంతకంటే వివరం అక్కర్లేదు.

ముకాండా అనేది మగపిల్లలకు సున్తీ చేసి, ఊరికి దూరంగా ఉంచి, పెద్దరికం నేర్పే ఆచారానికి కూడా పేరు. 8 నుంచి 12 ఏళ్ల పిల్లలు వెళ్తారు. పూర్వం చాలా నెలలు సాగేది, ఇప్పుడు బడి క్యాలెండర్‌కు సరిపడేలా ఒకటి నుంచి మూడు నెలలకు కుదించారు. అది ముగిసినప్పుడు ముసుగులు వేసుకుని ఆడే మకిషిలను యునెస్కో 2005లో మానవాళి వారసత్వంగా ప్రకటించింది. ఒక్కరైతే లికిషి. ఈ మాటకు మాత్రం ‘ల్యా’ పెట్టి వాక్యాలు రాయకండి. ప్రాణమున్నవాటి లెక్క వేరు, అది తర్వాతి పాఠంలో వస్తుంది.

అభ్యాసం: ముకాండా, ముతోండో, చూమా, లికుంబి, లిఫుచి. ఒక్కోదానికి పైన చూపినట్టు నాలుగేసి రూపాలు, మ్వానా, వానాలతో కలిపి, పాఠం చూడకుండా రాయండి. తర్వాత ఆ ఇరవైనీ పైకి చదువుతూ ఫోన్‌లో రికార్డ్ చేసి వినండి. ‘ఉవా’ ఎక్కడైనా ‘వా’లా వినిపిస్తే, ఆ ఒక్కటి కాదు, ఇరవైనీ మళ్లీ చదవండి.