పాత ట్రైలర్ బాగుచేసుకుందాం – 4వ పాఠం: కీచుమనే పైకప్పు ఫ్యాను

గత పాఠంలో ఫ్యూజు బాక్సు ముందు కూర్చుని, ఏ ఫ్యూజు తీస్తే ఏది ఆగిపోతుందో చూసి, చీటీ రాసి అతికించమన్నాను. ఆ పని చేసినవాళ్లకి ఈ పాఠం సగం అయిపోయినట్టే. చేయనివాళ్లు ముందు అది కానిచ్చి రండి, ఫ్యాను ఎక్కడికీ పోదు.

ఆర్‌వీ (ఇల్లులా అమర్చిన ప్రయాణపు బండి, మన ట్రైలర్ లాంటిది) కప్పులో ఉండేది మన ఇళ్లలో సీలింగ్ ఫ్యాను లాంటిది కాదు. కప్పుకి 14 అంగుళాల చదరపు కన్నం, దాని మీద తెరిచి మూసే ప్లాస్టిక్ మూత, కింద దోమతెర, మధ్యలో చిన్న రెక్కల ఫ్యాను. లోపలి వేడిని, ఆవిరిని, పొగని బయటికి నెట్టడం దాని పని. అమెరికాలో అమ్మే ఆర్‌వీల్లో చాలావాటికి కన్నం కొలత ఇదే, కాబట్టి ఒకదాని పాఠం మరోదానికి పనికొస్తుంది. టెక్సాస్ ఎండల్లో, అందులోనూ ఇంగువ పోపు లేకుండా పప్పు దిగని మాలాంటి వాళ్లకి, ఇది ఆగిపోయిందంటే ట్రైలర్‌లో పది నిమిషాలు కూర్చోలేం.

మన ఊళ్లో ఫ్యాను నెమ్మదిస్తే అందరూ చెప్పే వైద్యం ఒకటే, కండెన్సర్ మార్చెయ్యమంటారు. ఇక్కడ ఆ మాట మర్చిపోండి. ఇది బ్యాటరీ మీద నడిచే 12 వోల్టుల డీసీ మోటారు, ఆ కండెన్సర్‌తో దీనికి పనిలేదు. లోపల అయస్కాంతాలు, వాటి మధ్య తిరిగే ఆర్మేచర్, దానికి కరెంటు అందించే రెండు కార్బన్ బ్రష్‌లు, దాని ఇరుసుని, అంటే షాఫ్ట్‌ని, రెండు చివర్లా పట్టుకునే కంచు బుష్‌లు ఉంటాయి. ముఖ్యంగా అరిగేవి బ్రష్‌లూ బుష్‌లే. కొత్త ఖరీదైన మోడళ్లలో బ్రష్‌లు లేని మోటారు, సర్క్యూట్ బోర్డు వస్తున్నాయి. ఈ పాఠం వాటికి కాదు.

స్క్రూడ్రైవర్ తీసే ముందు చెవి పెట్టండి. కీచుమని అరుస్తుంటే బుష్ ఎండిపోయింది. టకటకమంటుంటే రెక్క దేనికో తగులుతోంది, లేదా స్క్రూ వదులైంది. స్విచ్ వేస్తే చప్పుడే లేక, గరిటె కాడతో రెక్కని కొంచెం తోస్తే మాత్రం తిరగడం మొదలుపెడితే బ్రష్‌లు అరిగాయనో, అవి ఒరుసుకునే రాగి పట్టీలు మసిపట్టాయనో అనుమానించాలి. వేలితో మాత్రం తొయ్యకండి. హైలో తిరిగి లోలో తిరగకపోతే మోటారుని తిట్టి లాభం లేదు. పాత మోడళ్లలో స్పీడు తగ్గించేది ఒక రెసిస్టర్, అది కాలిపోయి ఉండొచ్చు.

ఇక నెమ్మదిగా తిరుగుతోందనుకోండి. చాలామంది మోటారు పోయిందని ఇక్కడే కొత్త ఫ్యాను ఆర్డర్ పెట్టేస్తారు. నేనూ కార్ట్‌లో పెట్టాను, కొనే ముందు ఎందుకో వోల్టులు కొలిచే మీటర్ పెట్టి చూశాను. ఫ్యాను దగ్గర కనెక్షన్ విప్పి వైర్ల కొసల మధ్య కొలిస్తే 12.6 వోల్టులు. బ్యాటరీ దగ్గరా అంతే. అంతా బాగుందనుకుంటాం కదా, అదే పొరపాటు. కరెంటు పారనప్పుడు తుప్పు పట్టిన జాయింటు కూడా నిండు వోల్టేజీ చూపిస్తుంది. పంపు కట్టేసి ఉన్నప్పుడు సగం పూడిపోయిన పైపులో కూడా ప్రెషర్ నిండుగానే ఉంటుంది, పంపు తిప్పినప్పుడే ధార సంగతి తెలుస్తుంది. అందుకని వైర్లు మళ్లీ కలిపి, ఫ్యాను హైలో తిరుగుతుండగా కొలవాలి. నాకు మోటారు దగ్గర 9.8 వచ్చింది, బ్యాటరీ దగ్గర మాత్రం ఇంకా 12.6. అంటే 2.8 వోల్టులు దారిలో ఎక్కడో పోతున్నాయి. ఫ్యాను 2 ఆంప్స్ లాగుతుంటే 5.6 వాట్లు ఎక్కడో వేడిగా మారుతున్నట్టు లెక్క. ఎక్కడంటే, సీలింగ్ ప్యానెల్ వెనక రెండు వైర్లని మెలిపెట్టి తొడిగిన ప్లాస్టిక్ టోపీలో. విప్పి చూస్తే టోపీ లోపలంతా గోధుమరంగుకి మాడి ఉంది, రాగి పచ్చబడింది. ఇంట్లో గోడలో అలాంటి జాయింటు ముప్పై ఏళ్లుంటుంది. హైవే మీద గంటల తరబడి ఊగే బండిలో వదులైపోతుంది. మాడిన ముక్క కత్తిరించి, కొత్త రాగి కనిపించేదాకా ఒలిచి, క్రింప్ కనెక్టర్ (వైర్ల మీద నొక్కి బిగించే లోహపు గొట్టం) వేసి నొక్కాను. ఫ్యాను దగ్గర 12.3 వచ్చింది. ఖర్చు ఒక డాలర్ కూడా కాలేదు.

వోల్టేజీ సరిగ్గా వస్తున్నా అరుపు తగ్గకపోతే మోటారు దింపాలి. బ్యాటరీ తీసేశాం కదా, ఇక కరెంటు లేదనుకోకండి. క్యాంప్‌గ్రౌండ్ కరెంటు తగిలించి ఉంటే, బ్యాటరీ లేకపోయినా, ఆ ఏసీ కరెంటుని డీసీగా మార్చే కన్వర్టర్ 12 వోల్టులు ఇస్తూనే ఉంటుంది. ఎండలో సోలార్ ప్యానెల్ కూడా ఇస్తుంది. ప్లగ్గు పీకండి, సోలార్ ఆపండి, చీటీ చూసుకుని ఆ ఫ్యూజు కూడా తీసెయ్యండి. వైర్ల రంగుని నమ్మొద్దు. కార్లలో నల్ల వైరు అంటే నెగెటివ్ అని అలవాటు. ఆర్‌వీల్లో చాలాచోట్ల 12 వోల్టుల పాజిటివ్‌కి నల్ల వైరే వాడతారు, తెల్లది నెగెటివ్. ఫొటో తీసుకుని, టేపు ముక్క మీద గుర్తు రాసి అంటించండి.

దోమతెర తీసి కడిగెయ్యండి, దానికి పాఠం అక్కర్లేదు. రెక్క తీసే ముందు, అది షాఫ్ట్ మీద ఏ ఎత్తులో ఉందో మార్కర్‌తో గీత పెట్టండి. మళ్లీ బిగించేటప్పుడు పావు అంగుళం తేడా వచ్చినా మూతకో తెరకో కొట్టుకోవచ్చు. రెక్కని కొన్నిట్లో చిన్న అలెన్ స్క్రూ పట్టుకుని ఉంటుంది, కొన్నిట్లో క్లిప్. ఏళ్ల తరబడి ఎండ తాగిన ప్లాస్టిక్ అప్పడంలా విరుగుతుంది, స్క్రూడ్రైవర్ దూర్చి పైకి లేపకండి.

షాఫ్ట్ మొదట్లో నాకు కనిపించింది ఉంగరంలా బిగుసుకున్న పొడుగాటి వెంట్రుకలు, వాటికి అంటుకున్న నూనె జిడ్డు. మా ఆవిడకి చూపిస్తే, ‘పోపు మీది, జుట్టు నాది, లెక్క సరిపోయింది’ అంది. పిన్నుతో అవి లాగేసి, గుడ్డతో తుడిచి, షాఫ్ట్‌ని పక్కలకి కదిపి చూడండి. కటకటమని ఊగుతుంటే బుష్ కన్నం అరిగి కోలగా మారింది, ఇక నూనె వేసినా నిలవదు. మోటారే మార్చాలి. వోల్టేజీతో పాటు షాఫ్ట్ మందం, పొడవు, తిరిగే దిశ, స్క్రూల మధ్య దూరం కొలుచుకుని కొనండి.

షాఫ్ట్ అలా ఊగకపోతే నూనె చాలు. నేను మొదటిసారి తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, ఎంత నిశ్శబ్దంగా తిరుగుతోందో అని మురిసిపోయాను. రెండు వారాలకి ముందుకన్నా గట్టిగా అరిచింది. అలాంటి స్ప్రే పాత నూనెని కరిగించి, తానూ ఆవిరైపోతుంది. బుష్‌కి కావలసింది ఎలక్ట్రిక్ మోటార్ల కోసం అమ్మే ఎస్ఏఈ 20 ఆయిల్, హార్డ్‌వేర్ షాపులో చిన్న డబ్బాలో దొరుకుతుంది. కంచు బుష్‌లో కంటికి కనిపించని రంధ్రాలుంటాయి, నూనె వాటిల్లోకి ఇంకుతుంది. ఒక్కో చివర ఒక్క చుక్క, చేత్తో తిప్పడం, అయిదు నిమిషాలు ఆగడం, ఇంకో చుక్క, తుడవడం. ఎక్కువైతే లోపలికి కారి, బ్రష్‌ల కార్బన్ పొడితో కలిసి కాటుకలా తయారవుతుంది. దాంతో ఇంకో రోగం మొదలు.

తిరిగి బిగించాక నేను చేసిన తప్పు కూడా చెప్పేస్తాను. వైర్లు తారుమారయ్యాయి. డీసీ మోటారు కదా, ఏమీ కాలలేదు, చక్కగా ఉల్టా తిరిగింది. నాకు తెలియలేదు. సాయంత్రం ఆవాలు చిటపటలాడగానే పొగ బయటికి పోవడం మానేసి పొయ్యి చుట్టూ తిరిగింది, స్మోక్ అలారం మోగింది, పక్క ట్రైలర్ వాళ్లు తొంగిచూశారు. అందుకే బిగించాక కిటికీ ఒకటి కొంచెం తెరిచి, దోమతెర కింద టిష్యూ పట్టుకుని చూడండి. తెరకి అతుక్కుంటే సరిగ్గా ఉంది. కిందికి ఎగిరితే, ముందు గాలి దిశ మార్చే ఇన్–అవుట్ స్విచ్ ఉందేమో చూసి, లేకపోతే వైర్లు మార్చండి. కిటికీ ఎందుకంటే, గాలి లోపలికి వచ్చే దారి లేకపోతే ఎంత మంచి ఫ్యానైనా బయటికి నెట్టలేదు.

వచ్చే పాఠానికి రెండు పనులు. ఫ్యాను హైలో ఉండగా బ్యాటరీ దగ్గర, మోటారు దగ్గర వోల్టులు కొలిచి రెండు అంకెలూ నోట్‌బుక్‌లో రాసుకోండి. తర్వాత నిచ్చెన మీంచే, కప్పు ఎక్కకుండా, ఫ్యాను అంచు చుట్టూ ఉన్న సీలెంట్‌ని నాలుగు వైపులా ఫొటోలు తీసి పెట్టుకోండి. పగుళ్లు కనిపిస్తే కంగారుపడి సిలికాన్ మాత్రం పూసెయ్యకండి. రబ్బరు కప్పుకి అది సరిగ్గా అతకదు, తర్వాత దాని మీద మనం వేయబోయేది కూడా అతకదు. వాన వస్తుందంటే అప్పటిదాకా టార్పాలిన్ కప్పి ఉంచండి.