తిరుపతిలో ఏటా వెబ్ సదస్సు: ముందు తేదీ, తర్వాతే హాలు

తిరుపతిలో వెబ్ సదస్సు, అంటే వెబ్‌సైట్లు తయారుచేసేవాళ్లు కలిసే సభ, పెట్టాలనుకునేవాళ్లు మొదట హాలు వెతుకుతారు. వెతకాల్సింది తేదీ. గది అద్దె, టాక్సీ రేటు, రైలు టికెట్టు, ఈ ఊళ్లో అన్నీ కొండమీది రద్దీని బట్టే ఉంటాయి. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, రథసప్తమి, వేసవి సెలవులు, పౌర్ణమి గరుడసేవ: వీటిని క్యాలెండర్లో ముందే కొట్టేయండి. తమిళుల పెరటాసి నెలలో, అంటే సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా, తమిళనాడు జనం పోటెత్తుతారు. ఇక శనివారాల సంగతి చెప్పక్కర్లేదు. నవంబరులో వాయుగుండాల భయం. 2021 నవంబరు వానలకు ఊళ్లో కాలనీలే మునిగాయి.

మా ఓటు ఆషాఢానికి. పెళ్లిళ్లు ఉండవు కాబట్టి మండపాలు, హోటళ్లు బేరానికి దిగుతాయి. వెబ్ సదస్సుకు ముహూర్తంతో పనేముంది!

వారాంతం వద్దు. మంగళవారం వర్క్‌షాపులు, బుధవారం ప్రసంగాలు పెట్టి గురువారం దర్శనానికి వదిలేయండి. బెంగళూరు, చెన్నై, హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లలో చాలామంది దర్శనం కూడా లెక్కలో వేసుకునే బయల్దేరతారు. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు దాదాపు మూడు నెలల ముందే ఆన్‌లైన్లో విడుదలై చూస్తుండగానే అయిపోతాయి. అందుకే మీ తేదీ కనీసం నాలుగు నెలల ముందు బయటపెట్టాలి. దర్శనం సదస్సు తర్వాతే పెట్టుకోమని వక్తలకు గట్టిగా చెప్పండి. దర్శనం చేయిస్తామని మాత్రం ఎవరికీ, ముఖ్యంగా స్పాన్సర్లకు, మాటివ్వకండి. కొన్ని రైళ్లు తిరుపతికి రాకుండా రేణిగుంట మీదుగా పోతాయి. టికెట్టు మీద స్టేషన్ పేరు చూశాకే కారు పంపండి.

సదస్సు పరువు తీసేది వైఫై. 200 మంది వస్తే ఫోను, లాప్‌టాప్ కలిపి 400 పరికరాలు. ఒక్కో యాక్సెస్ పాయింటుకు, అంటే వైఫై పంచే పెట్టెకు, 50 చొప్పున ఎనిమిది కావాలి. అవన్నీ పెట్టినా పది గంటలకల్లా ఫిర్యాదులు మొదలవుతాయి: సిగ్నల్ నిండుగా ఉంటుంది, నెట్ రాదు. తప్పు లైనుది కాదు, ఒక్కో పరికరానికి ఒక్కో అడ్రసు పంచే రౌటరుది. మామూలు సెట్టింగులో, అంటే స్లాష్ 24లో, పంచడానికి ఉండేవి 254 అడ్రసులే. అందులో ఒకటి రౌటరే తీసుకుంటుంది. టీకి బయటికి పోయినవాళ్ల అడ్రసులు కూడా లీజు, అంటే అడ్రసు ఇచ్చిన గడువు, తీరేదాకా వాళ్ల పేరునే ఉంటాయి. స్లాష్ 22కి మార్చితే 1022 అడ్రసులొస్తాయి. లీజు గంటకు కుదించండి. వేదిక మీది లాప్‌టాప్‌కు విడిగా కేబుల్ లైను లాగండి. అయినా డెమో రికార్డు చేసి తెచ్చుకోమని ప్రతి వక్తకూ చెప్పాల్సిందే.

హాలువాళ్లు ‘జనరేటరుంది సార్’ అంటారు. ఉంటుంది. కరెంటు పోయి అది అందుకునేలోపు కొన్ని సెకన్లు చాలు, ప్రొజెక్టరు ఆరిపోతుంది. ల్యాంపు ప్రొజెక్టరైతే చల్లారి మళ్లీ వెలగడానికి నిమిషాలు పడుతుంది. ప్రొజెక్టరు, రౌటరు, మైకు మిక్సరు, ఈ మూడింటినీ యూపీఎస్ మీద పెట్టి, ముందురోజు సాయంత్రం మెయిన్ ఆపించి చూడండి.

భోజనం శాకాహారం చాలు, గొడవుండదు. గొడవంతా లైనుతోనే. ఒక్కొక్కరు వడ్డించుకోవడానికి 20 సెకన్లనుకున్నా, 200 మందికి ఒకే వరస అంటే గంటపైనే. రెండు బల్లలు వేసి రెండువైపులా వదిలితే నాలుగు వరసలు, పదిహేడు నిమిషాల్లో తేలిపోతుంది. పెరుగన్నం గిన్నె చివర కాకుండా వేరే బల్ల మీద పెట్టించండి. చివర పెడితే అందరూ అక్కడే ఆగిపోతారు.

బ్యాడ్జీల మీద పేర్లు తెలుగులో వేస్తే అందంగా ఉంటుంది, కానీ ఇక్కడో ముడి ఉంది. రిజిస్ట్రేషన్ ఫారం నుంచి వచ్చేది యూనికోడ్, అంటే ఫోన్లలో, వెబ్‌లో వాడే అక్షర పద్ధతి. ప్రెస్సులో చాలాచోట్ల ఇంకా పేజ్‌మేకర్ అనే పాత పేజీ కూర్పు సాఫ్ట్‌వేరు, యూనికోడ్ కాని అను ఫాంట్లే. అందులో అతికిస్తే ‘లక్ష్మి’ కాస్తా ప్రశ్నార్థకాల వరస అవుతుంది. బ్యాడ్జీలు మీరే తయారుచేసి, ఫాంటు ఇమిడ్చిన పీడీఎఫ్ ఇవ్వండి. ఒకటి అచ్చు తీయించి వత్తులు సరిగా పడ్డాయో లేదో చూశాకే మిగతావి.

డబ్బు విషయంలో ఒక్కటే: స్పాన్సరు ఒప్పుకున్న మొత్తం చేతికి రాదు. టీడీఎస్, అంటే ముందే కోసే పన్ను, పట్టుకుని మిగతాది ఇస్తారు, అదీ బిల్లు పెట్టిన నెలా రెండు నెలలకు. వంటవాళ్లకు మాత్రం ఆ సాయంత్రమే ఇవ్వాలి. ఆ ఖర్చు టికెట్ల డబ్బుతోనే గట్టెక్కేలా వేసుకోండి.

ముగిసిన వారంలోపే వాలంటీర్లను కూర్చోబెట్టి ఏ గంటకు ఏం చెడిందో రాయించండి. నెల దాటితే అంతా బాగా జరిగిందనే అంటారు. వచ్చే ఏటి తేదీ కూడా అప్పుడే పంచాంగం చూసి పెట్టుకోండి. 2025లో జూన్ 26న మొదలైన ఆషాఢం, 2026లో అధిక జ్యేష్ఠం వల్ల జూలై మధ్యకు జరిగింది. కాబట్టి ముగింపు బ్యానరు మీద ‘వచ్చే ఏడు ఇదే తేదీన’ అని అచ్చు వేయించకండి.