బిజినెస్ డిగ్రీలో ఎకనామిక్స్ ఎలా చదవాలంటే

ఎకనామిక్స్‌ని నిర్వచనాల సబ్జెక్టు అనుకుని బట్టీ పట్టకండి, చాలామంది అక్కడే దెబ్బతింటారు. ముందు పుస్తకం మూసేసి డిమాండ్ రేఖని (ఏ ధరకి ఎంత కొంటారో చూపే గీత) మీ చేత్తో గీయండి. ఆ వస్తువు ధర మారితే అదే రేఖ మీద కదులుతాం, కొనేవాళ్ళ ఆదాయమో అభిరుచో మారితే రేఖ మొత్తం పక్కకి జరుగుతుంది, ఈ తేడా పట్టుబడితే సగం గందరగోళం పోతుంది.

తర్వాత ఎలాస్టిసిటీ, అంటే ధర మారితే అమ్మకాలు ఎంతగా మారతాయో చెప్పే కొలత. దీనికి మాత్రం టైమ్ ఇవ్వండి, మార్కెటింగ్‌లో ధర నిర్ణయించేటప్పుడు మళ్ళీ ఇదే కావాలి. ధర 100 నుంచి 110కి పెంచితే అమ్మకాలు 50 నుంచి 40కి పడ్డాయనుకోండి. ధర 10 శాతం పెరిగింది, అమ్మకాలు 20 శాతం తగ్గాయి, కాబట్టి 20ని 10తో భాగిస్తే ఎలాస్టిసిటీ (మైనస్ గుర్తు వదిలేస్తే) 2. రాబడి 5,000 నుంచి 4,400కి దిగింది. ఇలాంటి లెక్కలు నాలుగైదు సొంతంగా తయారుచేసుకుని చేస్తే ఫార్ములా దానంతటదే గుర్తుంటుంది.

లెక్కలంటే టెన్షన్ పడేవాళ్ళు శాతాలు, రేఖ వాలు, తేలికపాటి కాలిక్యులస్ డెరివేటివ్‌లు చూసుకుంటే మొదటి ఏడాదికి దాదాపు సరిపోతుంది. మార్జినల్ అన్న మాట కనిపించినప్పుడల్లా 'ఇంకొక్కటి చేస్తే అదనంగా ఎంత' అని చదువుకోండి. మాక్రోలో (దేశ ఆర్థిక వ్యవస్థ మొత్తాన్ని చూసే భాగం) అయితే వడ్డీ రేటు, పెట్టుబడి, ద్రవ్యోల్బణం విడివిడిగా చదవొద్దు, ఒకటి కదిలితే మిగతావి ఎటు వెళ్తాయో బాణాలు గీసి చూడండి.