లావు-సన్నం గీతల ఫాంట్: మాస్ట్‌హెడ్, లోగో చేసేముందు సన్నగీత కొలవండి

ఈ రకం అక్షరాలకు చివర్లలో సెరిఫ్‌లు, అంటే చిన్న తోకగీతలు, ఉండవు. కానీ నిలువు గీత లావుగా, అడ్డగీత వెంట్రుకలా ఉంటుంది. 1937లో ఫ్రెంచ్ డిజైనర్ కసాండ్ర్ గీసిన పెన్యో ఫాంట్ ఈ కోవలోదే. డబ్బు పెట్టకుండా కావాలంటే గూగుల్ ఫాంట్స్‌లో బెల్లెజా ఉంది. ఫ్యాషన్ పత్రిక పేరుకీ (మాస్ట్‌హెడ్), చీరల బొటీక్ లోగోకీ ఈ సొగసు చక్కగా నప్పుతుంది. చెడేదల్లా సన్నగీత దగ్గరే.

కాబట్టి ముందు దాన్ని కొలవండి. ఇంగ్లిష్ 'ఓ' అక్షరాన్ని 1000 పాయింట్లలో పెట్టి, కర్వ్స్ చేసి (గీతల బొమ్మగా మార్చి), అతి సన్నటి చోట మందం చూడండి. 20 పాయింట్లు వచ్చిందనుకుందాం. అంటే ఏ సైజులోనైనా సన్నగీత అందులో 2 శాతం: 24 పాయింట్లకు 0.48, 12 పాయింట్లకు 0.24. నున్నటి ఆర్ట్ పేపర్ మీద నల్ల అక్షరానికి 0.3 పాయింటు ఉంటే ధైర్యంగా వెళ్లొచ్చు. ముదురు రంగులో తెల్ల అక్షరమైతే చుట్టూ ఉన్న ఇంకు లోపలికి పాకుతుంది, కనీసం 0.5 కావాలి. పూత లేని మ్యాప్‌లితో కాగితం ఇంకు ఎక్కువ పీలుస్తుంది, అక్కడ 1 పాయింటుకు తగ్గకండి. అంటే ఈ ఫాంట్‌కి 50 పాయింట్ల సైజు. స్క్రీన్ మీద కూడా 50 పిక్సెళ్లలోపు సన్నగీత ఒక పిక్సెల్ కన్నా తగ్గి, మామూలు మానిటర్లో బూడిదరంగుగా వెలిసిపోతుంది.

రంగు ఒక్క నలుపే, 100 శాతం. నాలుగు రంగులు కలిపిన నలుపులో అచ్చు ప్లేట్లు కొంచెం జరిగినా గీత పక్కన రంగు అంచు కనిపిస్తుంది. 40 శాతం టింట్ (పలచని రంగు) ఇస్తే గీత చుక్కలుగా తెగిపోతుంది.

పలచగా ఉందని అవుట్‌లైన్ కొట్టి బోల్డ్ చేయడం అన్నిటికన్నా పెద్ద తప్పు. 8 పాయింట్ల లావుగీతా, 1 పాయింటు సన్నగీతా ఉన్నచోట అవుట్‌లైన్ రెంటికీ చెరో పాయింటు కలిపితే అవి 9, 2 అవుతాయి. ఎనిమిది రెట్ల తేడా నాలుగున్నరకు పడిపోతుంది, ఆ అక్షరం అందమంతా ఆ తేడాలోనే ఉంది. అడ్డంగా సాగదీసినా ఆ తేడా చెడుతుంది: లావుగీత ఉబ్బుతుంది, అడ్డగీత అలాగే ఉండిపోతుంది. అంత మందం కావాలంటే ఫాంట్‌లోనే ఉన్న బరువైన రకం తీసుకోండి.

ఇంగ్లిష్ పెద్దక్షరాలకు (క్యాపిటల్స్) ట్రాకింగ్, అంటే అక్షరాల మధ్య ఎడం, 40 నుంచి 80 ఇవ్వండి. 'ఏ-వీ', 'ఎల్-టీ' జంటలను కంటితో చూసి సర్దండి.

పక్కన తెలుగు పెడితే ట్రాకింగ్ సున్నా, లైను నుంచి లైనుకు దూరం అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు. లేకపోతే వత్తులు కింది లైను గుడులకు తగులుతాయి. తెలుగు గీత లావుగీతతో సమానమైతే లైనంతా నల్లబడుతుంది, సన్నగీతతో సమానమైతే కనబడదు. లావుగీతలో సగం దగ్గర బాగా కుదురుతుంది. అనెక్ తెలుగులో బరువు కొద్దికొద్దిగా మార్చుకోవచ్చు.

ప్రెస్‌కి కర్వ్స్ చేసిన పీడీఎఫ్ పంపండి. అసలు కాగితం మీదే, అసలు సైజులోనే ప్రూఫ్ (నమూనా ప్రింటు) అడగండి. బోర్డుకి అక్రిలిక్ అక్షరాలు కోయించేటట్లయితే సన్నగీతలు విరుగుతాయి, వాటికి మాత్రం లోగోలో సన్నగీత మందం పెంచిన రెండో రూపం విడిగా గీయించాలి.